సాంబ్రాణి దారి - 9: రష్యా చర్చిల్లో నజ్రాన్ పాట

పోయిన భాగంలో సాంబ్రాణి మూటలు మోస్తున్న ఒంటెల్ని నజ్రాన్ దగ్గర ఆపాం. సరుకు సంగతి ఈ వారానికి అక్కడే ఉండనిద్దాం. అదే ఊరి నుంచి బయల్దేరి సముద్రాలు, మంచు మైదానాలు దాటిపోయినది ఇంకోటి ఉంది. అది పాట.

మాస్కోలో గానీ, పీటర్స్‌బర్గ్‌లో గానీ, సైబీరియాలో ఏదో మారుమూల పల్లెలో గానీ నవంబర్ 6న ఆర్థడాక్స్ చర్చి పాటల పుస్తకం తెరిస్తే సౌదీ అరేబియా మనుషులు కనిపిస్తారు. రష్యా చర్చి ఇప్పటికీ పాత జూలియన్ క్యాలెండరే వాడుతుంది కాబట్టి వాళ్ల లెక్కలో అది అక్టోబర్ 24. ఆ రోజు తలుచుకోవాల్సిన అమరుల జాబితాలో అరెఫా అనే ముసలాయన, ఆయనతోపాటు మరో 4,299 మంది ఉంటారు. రష్యన్లు అరెఫా అంటున్న ఈయన అసలు పేరు హారిథ్. ఊరు నజ్రాన్. సౌదీ దక్షిణపు కొసన, యెమెన్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒయాసిస్సు.

సౌదీలో చర్చి లేదు. ముస్లిమేతరులు బహిరంగంగా ప్రార్థన చేసుకునే వీలూ లేదు. నిజానికి నేను మొదట వెతికింది ఈ కథ కాదు. రష్యన్ భక్తి బృందగానానికీ ఈ నేలకూ సంబంధం ఏమైనా ఉందా అని చూడబోతే దారి తిన్నగా ఆరో శతాబ్దపు నజ్రాన్‌కు తీసుకెళ్లింది.

క్రీ.శ. 523. యెమెన్‌ను ఏలుతున్నది హిమ్యర్ రాజ్యం. రాజు పేరు యూసుఫ్ అస్అర్. అరబ్బు చరిత్రకారులు ధూ నువాస్ అని రాసింది ఈయన గురించే. యూదు మతస్థుడు. ఎర్రసముద్రానికి అవతల అక్సుమ్ అనే క్రైస్తవ రాజ్యం ఉంది. అది ఇప్పటి ఇథియోపియా, ఎరిత్రియా ప్రాంతం. దాని వెనక కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి ఉన్నాడు. తూర్పున పర్షియా. ఈ రెండు పెద్ద శక్తుల మధ్య నలిగిపోతున్న రాజు కంటికి తన రాజ్యంలోని క్రైస్తవులంతా అక్సుమ్ మనుషులుగానే కనబడ్డారు. నజ్రాన్‌లో క్రైస్తవులూ ఎక్కువ, వర్తకమూ ఎక్కువే. ఉత్తరానికి వెళ్లే ప్రతి బిడారూ ఆ ఊరు తాకాల్సిందే. కాబట్టి జరిగిన ఘోరాన్ని ఉత్త మత కలహం అని తేల్చెయ్యడం నాకు సబబనిపించదు. మతం, సుంకం, విదేశాంగ విధానం మూడూ ఒకే కత్తికి పదును పెట్టాయి.

రాజు సేనలు ఊరిని ముట్టడించాయి. క్రైస్తవ కథనాల ప్రకారం, లొంగిపోతే ప్రాణహాని ఉండదని రాజు మాట ఇచ్చి తప్పాడు. చర్చిలో మనుషుల్ని పెట్టి తగలబెట్టారు. ఊరిపెద్ద హారిథ్‌కు అప్పటికి తొంభై అయిదేళ్లని, నడవలేని ఆయన్ని మోసుకొచ్చి రాజు ముందు నిలబెట్టారని, తల నరికారని చెబుతారు. తల్లి వెంట మంటల్లోకి ఉరికిన చిన్న పిల్లవాడి ముచ్చట కూడా వీటిలో ఉంది. ఇలాంటి కథల్లో ఎంత జరిగిందో, ఎంత చెప్పగా చెప్పగా పెరిగిందో విడదీయడం కష్టమే. అయితే ఈ ఘటనకు మాత్రం రాతిమీద సాక్ష్యం ఉంది.

నజ్రాన్‌కు ఉత్తరాన హిమా అని ఒక చోటు. బిడార్లు నీళ్లకోసం ఆగే బావులు. చుట్టూ ఇసుకరాతి గుట్టలు. వేల ఏళ్లుగా దారినపోయేవాళ్లు ఆ రాళ్లమీద ఒంటెల్ని, వేటల్ని, తమ పేర్లని చెక్కుతూ పోయారు. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడే ధూ నువాస్ సేనాపతి షరహీల్ ఒక శాసనం చెక్కించాడు. తేదీ హిమ్యర్ శకం 633, అంటే మన లెక్కలో 523. చర్చిని కాల్చిన సంగతి, చంపినవాళ్ల లెక్క, పట్టుకున్న ఖైదీల లెక్క, ఒంటెలు, ఆవులు, మేకల లెక్క వరసగా ఉంటాయి. నజ్రాన్ మీద కాపు కాసిన సంగతీ ఉంది. రెవెన్యూ గుమాస్తా రాసుకున్న చిట్టాలా సాగి, చివర్న రహ్మానన్, అంటే కరుణామయుడైన దేవుడి పేరు తలుచుకుని ముగుస్తుంది. అదే హిమా రాళ్లమీద ఇంకోచోట క్రీ.శ. 470 నాటి రాత ఒకటి దొరికింది. అరబ్బీ లిపి పుడుతున్న దశలోని రాత. దాని పక్కన శిలువ గుర్తు. ఫ్రెంచ్, సౌదీ పరిశోధకుల బృందం దాన్ని 2014లో లోకానికి చూపించింది.

ఇస్లామీయ సంప్రదాయంలోనూ ఈ మరణాల జాడ ఉంది. ఖురాన్ 85వ సూరా అల్-బురూజ్‌లో నిప్పుల కందకం తవ్వినవాళ్ల ప్రస్తావన వస్తుంది. విశ్వాసం కోసం కాలిపోయిన వాళ్ల పక్షాన అది మాట్లాడుతుంది. చాలామంది వ్యాఖ్యాతలు దాన్ని నజ్రాన్ సంగతిగానే చెప్పారు. నజ్రాన్‌లోని పాత నగర శిథిలాలను ఈరోజుకీ ఉఖ్దూద్ అనే పిలుస్తారు. ఉఖ్దూద్ అంటే కందకం. మాస్కో చర్చిలో పాడుకునేదీ, మక్కా మసీదులో పారాయణ చేసేదీ ఒకే ఊరివాళ్ల గురించి అని ఆలోచిస్తే కాసేపు పుస్తకం మూసి కూర్చోవాలనిపించింది.

ఇక ఈ కబురు పాటగా ఎలా మారిందో చూద్దాం. 524 మొదట్లో ఇరాక్‌లోని హీరా రాజు అల్-ముంధిర్ ఎడారిలో రమ్లా దగ్గర విడిది చేసి ఉన్నాడు. నువ్వు కూడా నీ రాజ్యంలోని క్రైస్తవుల్ని ఇలాగే చెయ్యి అని ధూ నువాస్ పంపిన ఉత్తరం అక్కడికొచ్చింది. ఆ విడిదిలోనే ఉన్న సిమియోన్ అనే సిరియాక్ బిషప్ అది విన్నాడు. విన్నదంతా జాబు రాసి తనవాళ్లకు పంపాడు. ఆ జాబు చేతులు మారుతూ సిరియా అంతా తిరిగింది. మరుసటేడు అక్సుమ్ రాజు కాలెబ్ ఓడలకొద్దీ సైన్యంతో ఎర్రసముద్రం దాటి ధూ నువాస్‌ను ఓడించాడు. యుద్ధం అక్కడితో ముగిసింది గానీ పాట అప్పుడే మొదలైంది. యూఫ్రటీస్ ఒడ్డున ఒక మఠానికి పెద్ద, యోహాన్. పాటలు కట్టడంలో పేరున్నవాడు. పేరు పక్కన గాయకుడనే బిరుదే నిలిచిపోయింది. నజ్రాన్ అమరులమీద ఆయన గ్రీకులో పాట కట్టాడు. తర్వాత అది సిరియాక్‌లోకి వెళ్లింది. కాన్‌స్టాంటినోపుల్ చర్చి హారిథ్‌ను తన క్యాలెండర్లో చేర్చుకుంది.

988లో కీవ్ రాజు వ్లదిమిర్ క్రైస్తవం పుచ్చుకున్నాడు. ఏ మతం తీసుకోవాలో చూసి రమ్మని ఆయన దూతల్ని పంపాడని, కాన్‌స్టాంటినోపుల్ చర్చిలో ఆరాధన చూసి వాళ్లు ఉన్నది నేలమీదో, స్వర్గంలోనో తెలియక తబ్బిబ్బయ్యారని పాత రష్యన్ చరిత్ర గ్రంథం చెబుతుంది. కథలో కల్పన ఎంతున్నా, ఒక మాట నిజం. రష్యన్లు గ్రీకుల దగ్గర సిద్ధాంతం కన్నా ముందు పుచ్చుకున్నది ఆరాధన పద్ధతిని, పాటని. పన్నెండు నెలలకు పన్నెండు పాటల పుస్తకాలు స్లావోనిక్ భాషలోకి వచ్చాయి. అక్టోబర్ సంపుటంలో నజ్రాన్ వచ్చింది. కీవ్ గుహల మఠంలో అరెఫా పేరు పెట్టుకున్న సన్యాసి కూడా ఒకాయన ఉన్నాడు. పరమ పిసినారి. గదిలో డబ్బు దాచి బిచ్చగాడికి చిల్లిగవ్వ రాల్చేవాడు కాదు, తానూ తినేవాడు కాదు. దొంగలు పడి మొత్తం ఊడ్చుకుపోయాక మఠమంతా గగ్గోలెత్తించి, జబ్బుపడి, ఆ జబ్బులో బుద్ధి తెచ్చుకున్నాడట. ఆయన్నీ అక్టోబర్ 24నే తలుచుకుంటారు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. రష్యాలో సామాన్య జనానికి ఆ రోజు అరెఫా పండగ కాదు. దుఃఖితులందరికీ ఆనందం అనే పేరున్న మరియమ్మ చిత్రపటం పండగ. 1688లో మాస్కోలో జరిగిన అద్భుతంతో మొదలై అదే పెద్దదైపోయింది. క్వయర్ ముందు ఆమెకు పాడుతుంది. నజ్రాన్ వాళ్ల వంతు తర్వాతే.

ఇప్పుడు ఆ పాడే పద్ధతి గురించి కొంచెం నిలబడి చెప్పాలి. మన తెలుగు చర్చికి వెళ్తే హార్మోనియం, తబలా, ఈమధ్య కీబోర్డు, డ్రమ్సు లేకుండా ఆరాధన ఊహించలేం. రష్యన్ ఆర్థడాక్స్ ఆరాధనలో వాద్యం అనేదే ఉండదు. పియానో లేదు, ఆర్గన్ లేదు. దేవుడికి అర్పించాల్సింది మాట, ఆ మాటను మోసేది మనిషి గొంతు, మధ్యలో తీగా తోలూ దేనికి అనేది తొలినాటి చర్చి పెద్దల వాదం. అరేబియా గురించి తెలిసినవాళ్లకు ఈ వాదం ఎక్కడో విన్నట్టే ఉంటుంది. నజ్ద్ ప్రాంతపు ఛాందస పండితులు వాద్యాలు వద్దన్నారు, గొంతును వదిలిపెట్టారు. ఖురాన్ పారాయణ, అజాన్, వాద్యాలు లేని నషీద్ పాటలు ఆ నీడలో నిలిచాయి. నజ్రాన్‌లోనైతే జామిల్ అని మగవాళ్ల బృందగానం ఉంది. పెళ్లికో, తగువు తీర్చుకోవడానికో ఒక తెగవాళ్లు ఇంకో తెగ దగ్గరికి వెళ్లేటప్పుడు వరస కట్టి, వాద్యం లేకుండా, రెండు జట్లుగా చరణం అందుకుంటూ నడుస్తారు. వాద్యాన్ని తలుపు బయటే ఆపేసిన రెండు సంప్రదాయాలు, ఒకదాన్నొకటి చూసుకోకుండానే, గొంతుల గుంపును ఎంత దూరం తీసుకెళ్లొచ్చో తేల్చుకున్నాయి.

బొత్తిగా చూసుకోకుండా అనడమూ సరికాదేమో. రష్యన్ చర్చి పాట ఎనిమిది స్వరవరసల మీద నడుస్తుంది. వారానికొకటి చొప్పున మారుతూ ఎనిమిది వారాలకు చక్రం తిరుగుతుంది. ఈ ఏర్పాటును సంప్రదాయం డమాస్కస్ యోహాన్‌కు ఆపాదిస్తుంది. ఎవరీయన? తాత మన్సూర్ ఇబ్న్ సర్జూన్ డమాస్కస్‌లో ఖజానా చూసినవాడు. కుటుంబమంతా ఉమయ్యద్ ఖలీఫాల కొలువులో లెక్కలు రాసింది. యోహాన్ కూడా ఆ కొలువు నుంచే మఠానికి వెళ్లాడు. ఈస్టర్ రాత్రి రష్యా అంతటా పాడే పాటలు ఈయన పేరుమీదే ఉన్నాయి. ఇంకో సంగతి. రష్యన్ సన్యాసులు గుండెకు హత్తుకుని చదివే ఐజాక్ అనే తాపసి పుట్టింది బేత్ ఖత్రాయేలో, అంటే ఖతార్, దాని పక్కనున్న సౌదీ తూర్పు తీరంతో కూడిన ప్రాంతంలో. దొస్తొయెవ్‌స్కీ కరమజోవ్ సోదరులు నవలలో ఈయన పుస్తకం కనిపిస్తుంది. ఆ తీరంలోనే ఉన్న జుబైల్ దగ్గర 1986లో ఇసుకలోంచి నాలుగో శతాబ్దపు చర్చి గోడలు బయటపడ్డాయి. మన కరీంనగర్, నిజామాబాద్ నుంచీ, కోనసీమ నుంచీ వెళ్లినవాళ్లు ఎందరో జుబైల్ ఫ్యాక్టరీల్లో పైపులు బిగించారు, వెల్డింగ్ చేశారు. పక్కనే అంత పాత గోడ ఉందని ఎందరికి తెలుసో.

రష్యాలో చర్చి పాట తర్వాతి కథ వేగంగా చెప్పేసుకోవచ్చు. చాలా శతాబ్దాలు అందరూ ఒకే వరస పాడారు. కొక్కేల్లాంటి గుర్తులతో దాన్ని రాసుకున్నారు. పదిహేడో శతాబ్దంలో పోలండ్, ఉక్రెయిన్ వైపు నుంచి పలు గొంతుల పద్ధతి వచ్చింది. తర్వాత ఇటలీ మోజు. చర్చి సంగీతం అచ్చు వెయ్యాలంటే ఆస్థాన గాయకబృందం అధికారి సంతకం కావాలనే రూలు ఒకటి పెట్టారు. 1878లో చైకోవ్‌స్కీ ఆరాధన సంగీతం రాస్తే ప్రచురణకర్త యుర్గెన్‌సన్ ఆ రూలుమీద కోర్టుకెక్కి గెలిచాడు. దాంతో కట్ట తెగింది. చర్చి సంగీతం నేర్పే మాస్కో సినొడల్ స్కూల్ చుట్టూ చేరినవాళ్లు ఇటలీ మోజు వదిలి, పాత కొక్కేల రాతల్లోని వరసల్ని మళ్లీ బయటికి తీశారు.

ఆ పనికి శిఖరం రహ్మానినోవ్ 1915లో రాసిన రాత్రి జాగరణ ఆరాధన. మొత్తం పదిహేను భాగాలు. అందులో ఎక్కువ భాగం పాత వరసల మీద కట్టినవి. మిగతావి ఆయన సొంతమే అయినా పాతవాటిలోంచి వేరు చెయ్యడం కష్టం. అయిదో భాగం ముసలి సిమియోను ప్రార్థన. బిడ్డ యేసును చేతుల్లోకి తీసుకుని, ఇక నన్ను పోనివ్వు ప్రభూ అని అడిగే ఘట్టం. పైన ఒక్క టెనర్ గొంతు పాడుతుంటే కింద మిగతావాళ్లు ఊయల ఊపినట్టు రెండు స్వరాల మధ్య తిరుగుతుంటారు. ఆఖర్న బాస్ గొంతులు మెట్టు మెట్టుగా కిందికి దిగి, మామూలు మగ గొంతు ఆగిపోయే చోటు కూడా దాటి, ఇంకా దిగి, మంద్రంలో అట్టడుగు బి-ఫ్లాట్ మీద నిలబడతాయి. చెవికి వినపడడం కన్నా ముందు గుండెల్లో అదురుతుంది. రహ్మానినోవ్ ఇది వాయించి వినిపిస్తే క్వయర్ నడిపే దనీలిన్ తల పట్టుకున్నాడట, ఇలాంటి బాస్‌లను ఎక్కణ్ణుంచి పట్టుకురమ్మంటారని. రహ్మానినోవ్‌కు తన దేశపు గొంతులు తెలుసు. పట్టుకొచ్చారు. 1915 మార్చిలో మాస్కోలో సినొడల్ క్వయర్ పాడింది. మొదటి ప్రపంచయుద్ధ బాధితుల సహాయార్థం జరిగిన కచేరీ అది. తన అంత్యక్రియల్లో ఈ అయిదో భాగం పాడితే బాగుండునని ఆయనకు ఉండేది. తీరలేదు.

మూడేళ్లకే, బోల్షెవిక్ విప్లవం తర్వాత, 1918లో సినొడల్ స్కూల్ మూతపడింది. మాస్కోలోని రక్షకుడైన క్రీస్తు కెథడ్రల్‌లో క్వయర్ నడిపినవాళ్లలో అలెక్సాండ్రోవ్ ఒకడు. చిన్నప్పుడు పీటర్స్‌బర్గ్ చర్చిల్లో పాడి పెరిగిన మనిషి. 1922 దాకా అక్కడ పనిచేసి, తర్వాత ఎర్రసైన్యం గాయకబృందాన్ని తయారుచేశాడు. అదే కెథడ్రల్ క్వయర్‌ను ఆ తర్వాత చెస్నకోవ్ చూసుకున్నాడు. 1931 డిసెంబర్ 5న స్టాలిన్ ప్రభుత్వం కెథడ్రల్‌ను డైనమైట్‌తో పేల్చేసింది. రష్యన్ భక్తి బృందగానంలో ఇప్పటికీ తప్పనిసరిగా వినిపించే చెస్నకోవ్ ఆ తర్వాత సంగీతం రాయడమే మానేశాడని చెబుతారు.

ఆ శిథిలాలు ఇంకా పూర్తిగా ఎత్తకముందే మాస్కోకు అరేబియా నుంచి పెద్ద అతిథి వచ్చాడు. 1932 మే నెలాఖరులో రాకుమారుడు ఫైసల్. తర్వాత రాజయ్యాడు. ఆయన ఎందుకు వచ్చాడో అర్థం కావాలంటే ఆరేళ్లు వెనక్కి పోవాలి. ఫైసల్ తండ్రి ఇబ్న్ సౌద్ మక్కా, మదీనాలున్న హిజాజ్‌ను గెల్చుకున్నాక ఆయన రాజ్యాన్ని అందరికన్నా ముందు గుర్తించింది సోవియట్ యూనియన్. 1926 ఫిబ్రవరి 16న. ఆ పని చేసినవాడు జెడ్డాలో సోవియట్ కాన్సల్, కరీం హకీమోవ్. ముస్లిం కుటుంబంలో పుట్టిన బోల్షెవిక్. ఉమ్రా యాత్ర పేరుతో మక్కా వెళ్లి ఇబ్న్ సౌద్‌ను కలిసి వచ్చాడు. అరబ్బులు ఎర్ర పాషా అనేవాళ్లు. సొంత దేశంలో చర్చిల్నీ మసీదుల్నీ మూయిస్తున్న ప్రభుత్వం మక్కా మదీనాల పాలకుడికి తొలి స్నేహితుడు కావడం వింతే. కానీ ఇద్దరికీ బ్రిటిష్‌వాడు అడ్డం. అంతకన్నా కారణం అక్కర్లేదు. 1938 జనవరిలో స్టాలిన్ మనుషులు హకీమోవ్‌ను కాల్చేశారు. ఆయన స్నేహం తెలిసిన ఇబ్న్ సౌద్ ఇంకో రాయబారిని ఒప్పుకోలేదు. ఆ తెగిన తీగ మళ్లీ కలిసింది 1990లో.

రాయబారం మళ్లీ కలిసినా సంగీతానికి తలుపులు వెంటనే తెరుచుకోలేదు. చాలా ఏళ్లు సౌదీలో బహిరంగ కచేరీ మాటే అరుదు. 2008 మేలో రియాద్ కింగ్ ఫహద్ కల్చరల్ సెంటర్‌లో ఒక జర్మన్ క్వార్టెట్ వాయించింది. ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి కూర్చుని విన్న పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీగా అప్పట్లో వార్తలకెక్కింది. మోజార్ట్, బ్రామ్స్‌తో పాటు ఆ రోజు వాయించిన మూడో సంగీతకర్త పాల్ యువోన్ మాస్కోలో పుట్టినవాడు. 2016లో వినోద శాఖ పెట్టారు. 2018లో సినిమా హాళ్లు తెరిచారు. తలుపులు ఒక్కొక్కటే వదులయ్యాయి.

2019 అక్టోబర్‌లో పుతిన్ రియాద్ వచ్చినప్పుడు సౌదీ మిలిటరీ బ్యాండు రష్యా జాతీయగీతం వాయించింది. బాకాలు శ్రుతి తప్పాయి. ఆ వీడియో లోకమంతా తిరిగింది, జనం పగలబడి నవ్వారు. నవ్వినవాళ్లలో ఎక్కువమందికి తట్టని సంగతి ఒకటుంది. ఆ వరస కట్టినవాడు ఎర్రసైన్యం అలెక్సాండ్రోవ్. పార్టీ కోసం కట్టిన పాట 1944లో సోవియట్ గీతమైంది, 2000లో మాటలు మార్చి మళ్లీ రష్యా గీతం చేశారు. అందులోని ఆ నింపాది నడక, గొంతులన్నీ ఒక్కసారి నిండుగా విచ్చుకునే తీరు రష్యన్ చర్చి క్వయర్‌లో పెరిగిన చెవికి ఇట్టే తెలిసిపోతుంది. కట్టిన మనిషి కెథడ్రల్ పాటగాడే మరి. చర్చి లేని రాజధానిలో, శ్రుతి లేని బాకాల మీద, రాజలాంఛనాలతో ఆ వరస మోగింది.

నజ్రాన్ క్రైస్తవుల కథ మాత్రం 523తో అయిపోలేదు. వందేళ్ల తర్వాత వాళ్ల ప్రతినిధులు మదీనాకు వెళ్లారు. ప్రార్థన వేళైతే ప్రవక్త మసీదులోనే తూర్పు ముఖంగా నిలబడి ప్రార్థించుకున్నారని, ప్రవక్త వద్దనలేదని ఆయన జీవితచరిత్ర రాసిన ఇబ్న్ ఇస్‌హాక్ చెప్పాడు. ఖలీఫా ఉమర్ కాలంలో వాళ్లను ఇరాక్‌కు తరలించారు. కూఫా దగ్గర వాళ్లు కట్టుకున్న ఊరికీ నజ్రాన్ పేరే పెట్టుకున్నారు. వచ్చే వారం ఆ కుటుంబాల వెంట కూఫా దారి పడదాం.